రాయిస్టుల పటం: విశాఖ నుంచి ఎం.ఎన్. రాయ్ అనుయాయుల్ని, సంఘాల్ని జాబితా కట్టే పద్ధతి

కమ్యూనిస్టు ఉద్యమం నుంచి నవ్య మానవవాదం దాకా నడిచిన మానవేంద్రనాథ (ఎం.ఎన్.) రాయ్ పేరు తెలుగునాట రాజకీయాలు చదివే చాలామందికి తెలుసు. ఆయన వెంట నడిచిన తెలుగువాళ్ళ పేర్లు చెప్పమంటే మాత్రం త్రిపురనేని గోపీచంద్ దగ్గర మొదలై ఇద్దరు ముగ్గురితో ఆగిపోతాం. ఆ మిగతావాళ్ళెవరు, ఏ సంఘంలో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నారు, ఎవరి పత్రిక ఎవరి ప్రెస్సులో అచ్చయింది అన్నవి చెదిరిపోయిన కాగితాల్లో ఉన్నాయి. ఆ కాగితాలు ఏటేటా తగ్గిపోతున్నాయి. విశాఖలో ఉండి ఈ పని చెయ్యాలనుకునేవాళ్ళ కోసం ఈ పద్ధతి రాస్తున్నాం. వారానికి రెండు పూటలు కేటాయించే ముగ్గురు మనుషులుంటే చాలు. ఒకరు కాగితాలు వెతకాలి, ఒకరు పట్టికలో ఎక్కించాలి, మూడోవారు ఎక్కించిన ప్రతి వరసనీ కాగితంతో సరిచూడాలి. ఒక్కరే మూడూ చేస్తే తమ తప్పు తమకి కనబడదు.

అన్నిటికన్నా ముందు ఒక నియమం పెట్టుకోండి. "ఫలానాయన రాయిస్టు" అన్న మాటని పటంలోకి, అంటే మనుషుల్నీ సంఘాల్నీ గీతలతో కలిపి చూపే బొమ్మలోకి, రానివ్వకండి. ఫలానా తేదీన ఫలానా సంఘంలో ఫలానా పని చేశారు, దానికి ఈ కాగితం సాక్ష్యం అని ఉంటేనే గీత గియ్యాలి. ఈ ఒక్క పట్టుదల లేక పాడైపోయిన జాబితాలే ఎక్కువ.

ముందు కాలాన్ని ముక్కలు చెయ్యండి

రాయ్ జీవితంలో సంఘాలు మారిన వేగం ఎక్కువ. పుట్టింది 1887లో, నరేంద్రనాథ భట్టాచార్యగా. 1920లో తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ ఏర్పాటులో ఉన్నారు. 1929లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ నుంచి బహిష్కృతులయ్యారు. 1930 చివర్లో రహస్యంగా దేశానికి తిరిగొచ్చారు, 1931 జులైలో బొంబాయిలో అరెస్టయ్యారు, 1936 నవంబరులో విడుదలయ్యారు. తెలుగువాళ్ళ పటానికి పనికొచ్చే కాలం దాదాపుగా ఇక్కణ్ణుంచే మొదలవుతుంది.

పట్టికలో నాలుగు ముక్కలు పెట్టుకోండి. మొదటిది 1936 చివరి నుంచి 1940 దాకా. ఇది కాంగ్రెసులో ఉంటూ పనిచేసిన కాలం. 1937లో 'ఇండిపెండెంట్ ఇండియా' వారపత్రిక, 1939లో లీగ్ ఆఫ్ రాడికల్ కాంగ్రెస్‌మెన్ వచ్చాయి. రెండోది 1940 డిసెంబరు నుంచి 1946 దాకా, రాడికల్ డెమొక్రటిక్ పార్టీ కాలం. 1941లో వచ్చిన కార్మిక సమాఖ్య ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్, రాయ్ వర్గం 1944లో తెచ్చిన ఆర్థిక ప్రణాళిక 'ప్రజా ప్రణాళిక' ఇందులోకే వస్తాయి. మూడోది 1946 డిసెంబరు బొంబాయి మహాసభలో నవ్య మానవవాదానికి పునాదైన 22 సూత్రాలు వచ్చినప్పట్నుంచి 1948 డిసెంబరులో కలకత్తాలో పార్టీని రద్దు చేసుకునేదాకా. పార్టీ ఇంకా ఉంది, కానీ పార్టీ రాజకీయాలే వద్దన్న ఆలోచన లోపల పండుతున్న రెండేళ్ళు ఇవి. నాలుగోది 1949 నుంచి ఇటు. వారపత్రిక పేరు 'రాడికల్ హ్యూమనిస్ట్'గా మారింది. పార్టీ లేదు, పార్టీ సభ్యత్వమూ లేదు. ఉన్నవి అధ్యయన శిబిరాలు, పత్రికలు, స్నేహాలు. 1954 జనవరి 25న డెహ్రాడూన్‌లో రాయ్ చనిపోయాక కూడా ఈ ముక్క కొనసాగుతుంది.

ఈ విభజన ఎందుకంటే, ఒకే మనిషి మొదటి ముక్కలో కాంగ్రెసు సభ్యుడు, రెండోదాంట్లో కాంగ్రెసుకి ప్రత్యర్థి, నాలుగోదాంట్లో ఏ పార్టీకీ చెందని మానవవాది. మూడింటికీ కలిపి ఒకే ముద్ర కొడితే మూడూ అబద్ధమైపోతాయి. 1952 ఎన్నికల్లో ఎవరో "రాడికల్ డెమొక్రటిక్ పార్టీ తరఫున" నిలబడ్డారని రాసి ఉంటే ఆ వాక్యం దగ్గరే ఆగండి. అప్పటికి ఆ పార్టీ లేదు. రాసినవారికి సంవత్సరమైనా తప్పి ఉండాలి, పార్టీ అయినా తప్పి ఉండాలి.

మూడు పట్టికలు

ఎక్సెల్ అయినా, గూగుల్ షీట్ అయినా, గీతల పుస్తకమైనా సరే, మూడు వేర్వేరు పట్టికలు ఉండాలి. అన్నీ ఒకే పట్టికలో కుక్కితే ఒక మనిషికి రెండు పదవులుండగానే వరసలు గందరగోళమవుతాయి.

మనుషుల పట్టికలో సంఖ్య (వ-001, వ-002 ఇలా), ఇంటిపేరుతో పూర్తి పేరు, పొడి అక్షరాలు, కలం పేర్లు, మారుపేర్లు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ, ఊరు, వృత్తి రాయండి. మారుపేర్ల గడి ఖాళీగా వదలకండి. రాయ్‌నే చూడండి: 1931లో పోలీసులు పట్టుకున్నప్పుడు ఆయన డాక్టర్ మహమూద్ పేరుతో తిరుగుతున్నారు. తెలుగు పేర్లలో చిక్కు పొడి అక్షరాలతో వస్తుంది. తెనాలి న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి ఒకచోట పూర్తి పేరుతో, ఇంకోచోట ఎ.జి.కె.గా, మరోచోట ఏజీకేగా కనిపిస్తారు. సంఖ్య లేకపోతే ఆయనొక్కరే ముగ్గురైపోతారు. దీనికి తిరగబడిన ప్రమాదం కూడా ఉంది: ఒకే పేరున్న ఇద్దరు ఒక్కరైపోవడం. ఊరు, వృత్తి, తేదీ, ఈ మూడింటిలో రెండైనా కలిస్తేనే ఇద్దర్ని ఒకే సంఖ్య కిందికి తీసుకురండి.

సంఘాల పట్టికలో సంఘం పేరు, పుట్టిన తేదీ, ముగిసిన తేదీ, ముందు ఏ సంఘం నుంచి వచ్చింది, తరవాత ఏదిగా మారింది అన్నవి చాలు. పత్రికల్ని, ప్రెస్సుల్ని కూడా సంఘాలుగానే లెక్కించండి. చిన్న సిద్ధాంతాల విషయంలో పార్టీ కార్యాలయం కన్నా పత్రిక చిరునామానే ఎక్కువకాలం బతుకుతుంది.

మూడోది సంబంధాల పట్టిక, అసలు పనంతా ఇక్కడే. వ్యక్తి సంఖ్య, సంఘం సంఖ్య, సంబంధం రకం, మొదలు, చివర, సాక్ష్యం, సాక్ష్యం తరగతి, ఎవరు ఎక్కించారు, ఎవరు సరిచూశారు. సంబంధం రకాలు ముందే తేల్చుకోండి: సభ్యత్వం, పదవి, సంపాదకత్వం, రచన, అనువాదం, చందా, ఆతిథ్యం, హాజరు, ఉత్తరప్రత్యుత్తరం. పత్రికకి చందా కట్టినంతమాత్రాన సభ్యుడు కాడు. సభకి హాజరైనవాడు అనుయాయి కాకపోవచ్చు. విమర్శించడానికి వచ్చినవాళ్ళు కూడా హాజరు జాబితాలో ఉంటారు.

సాక్ష్యాన్ని నాలుగు తరగతులుగా పెట్టండి. 'క' అంటే ఆ కాలంలోనే, ఆ సంఘమే అచ్చువేసిన కాగితం లేదా ఆ మనిషి రాసిన ఉత్తరం. 'ఖ' అంటే ఆ కాలంలోనే బయటివాళ్ళు రాసినది, అంటే దినపత్రిక, పోలీసు నివేదిక. 'గ' అంటే తరవాత రాసిన జ్ఞాపకాలు, సంస్మరణ సంచికలు. 'ఘ' అంటే నోటిమాట. 'గ', 'ఘ' తరగతులవి ఒకదానికొకటి సంబంధం లేకుండా రెండు దొరికితేనే పటంలో గీత గియ్యండి. అదికూడా చుక్కల గీత. సంస్మరణ సంచికలో వచ్చిన వాక్యాన్ని పదేళ్ళ తరవాత ఇంకో వ్యాసం ఎత్తి రాస్తే అవి రెండు సాక్ష్యాలు కావు. వాక్యాల పోలిక చూస్తే ఎత్తి రాసిన సంగతి తెలిసిపోతుంది.

అబ్బూరి రామకృష్ణారావుతో మొదలుపెట్టండి. 1896లో పుట్టి 1979లో మరణించిన కవి, ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేసినవారు, రాయ్ అనుయాయి. విశాఖకీ ఈ ఉద్యమానికీ మధ్య అందరికీ తెలిసిన దారి ఆయనే. ఆయన పేరున మూడు వరసలు వస్తాయి: ఉద్యోగం ఒకటి, రాజకీయ సంబంధం ఒకటి, సాహిత్య-నాటక సంబంధాలు ఒకటి. వీటిని కలపకండి. శ్రీశ్రీ విశాఖవాడే, అబ్బూరిని ఎరిగినవాడే. అది సాహిత్య సంబంధం. దాన్ని రాజకీయ గీతగా గీస్తే పటం మొత్తం చెడుతుంది.

గోపీచంద్‌కి (8-9-1910 నుంచి 2-11-1962) మనుషుల పట్టికలో ఒకే వరస ఉంటుంది, సంబంధాల పట్టికలో కనీసం రెండు. ఒకటి ఆంధ్రలో రాడికల్ డెమొక్రటిక్ పార్టీ కార్యదర్శి పదవి. తారీఖుతో సహా పార్టీ కాగితం చేతికొచ్చేదాకా దాన్ని "1940–48 మధ్య" అని, 'గ' తరగతిగానే ఉంచండి. రెండోది, తరవాతి కాలంలో అరవిందుల తత్వం వైపు మళ్ళడం. మొదటి వరసకి చివరి తేదీ పెట్టకుండా వదిలేస్తే ఆయన చనిపోయేదాకా పార్టీ మనిషిగానే పటంలో నిలబడిపోతారు. జీవితమంతా ఆలోచిస్తూ మారుతూ వచ్చిన మనిషికి అది పెద్ద అన్యాయం.

విశాఖలో ఎక్కడ వెతకాలి

మొదటి చోటు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం. బయటివాళ్ళు వెళ్ళేముందు అనుమతి కోసం ఉత్తరం రాసుకోండి. ఏ సంవత్సరాల ఏ పత్రికలు కావాలో అందులోనే స్పష్టంగా రాస్తే రెండోసారి తిరిగే పని తప్పుతుంది. "రాయ్ గురించి ఏమైనా" అని అడిగితే రాజా రామమోహన రాయ్ పుస్తకాలు కూడా వస్తాయి. రెండో చోటు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం. ఇక్కడ సిద్ధాంత గ్రంథాల కన్నా స్థానిక రచయితల పుస్తకాల ముందుమాటలు, అంకితాలు, కృతజ్ఞతలు చూడండి. పేర్లు దొరికేది ఆ పేజీల్లోనే.

ఊరి పేరు విషయంలో జాగ్రత్త. పాత కాగితాల్లో విశ్వవిద్యాలయం చిరునామా "వాల్తేరు" అని ఉంటుంది. ఇంగ్లీషు రికార్డుల్లో ఊరి పేరు "వైజాగపటం" అని, రకరకాల అక్షరాలతో ఉంటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం యుద్ధకాలంలో గుంటూరుకి తరలింది. కాబట్టి ఆ కాలపు ఉత్తరం మీద "ఆంధ్ర విశ్వవిద్యాలయం, గుంటూరు" అని ఉంటే తప్పు కాదు. ఆ మనిషిని గుంటూరువాసిగా ఎక్కించకండి. జిల్లా పేరు కూడా అంతే. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడకముందు "విశాఖపట్నం జిల్లా" అంటే చాలా పెద్ద ప్రాంతం. 1945 నాటి జిల్లా శాఖ సభ్యుడు బొబ్బిలివాడైనా కావచ్చు, అనకాపల్లివాడైనా కావచ్చు.

విశాఖలో దొరకనివి మూడుచోట్ల దొరకొచ్చు. 1953 దాకా మనది మద్రాసు రాష్ట్రం, అంచేత ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పుస్తకాలకి అదే ఎగ్మోర్‌లో ఉన్న కన్నెమరా గ్రంథాలయం. రెండోది ఢిల్లీ జాతీయ అభిలేఖాగారం. దాని 'అభిలేఖ్ పటల్' పోర్టల్‌లో హోం శాఖ రాజకీయ ఫైళ్ళు ఇంటి దగ్గరే చూడొచ్చు. రాష్ట్ర ప్రభుత్వాలు పదిహేను రోజులకోసారి పంపిన నివేదికల్లో రాయ్ పార్టీ ప్రస్తావనలుంటాయి. మూడోది వేటపాలెం సారస్వత నికేతనం, పాత తెలుగు పత్రికలకి పెట్టింది పేరు. స్కాన్లు కావాలంటే ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాలున్నాయి. వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, దీర్ఘాలూ ఒత్తులూ లేకుండా, కొన్నిసార్లు తప్పుగా ఎక్కించారు. ఒక పేరుని నాలుగైదు రకాలుగా మార్చి మార్చి వెతకాలి.

తెలుగులో వెతికేటప్పుడు "ఎం.ఎన్. రాయ్", "ఎమ్.ఎన్.రాయ్", "మానవేంద్రనాథ రాయ్", "నవ్య మానవవాదం", "రాడికల్ హ్యూమనిజం" అన్నీ విడివిడిగా వెయ్యండి. "రాడికల్" అన్న ఒక్క మాటతో వెతికితే 1970లలో పుట్టిన రాడికల్ విద్యార్థి సంఘం వార్తలు కుప్పలుగా వస్తాయి. అది నక్సలైటు రాజకీయాల సంఘం, దీనికీ దానికీ సంబంధం లేదు. "మానవవాదం" అని వేస్తే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఏకాత్మ మానవవాదం తగులుతుంది. అదీ వేరే. ఇంకో అడ్డంకి అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారైన పాత పీడీఎఫ్‌లలో యూనికోడ్ తెలుగుతో వెతికితే ఏమీ దొరకదు. దొరకలేదంటే లేదని కాదు. అలాంటి ఫైలుని కన్వర్టర్‌తో మార్చుకోండి, లేదా పేజీలు తిప్పి చదవండి.

తేదీ లేని చిన్న పుస్తకానికి తేదీ పెట్టడం

చేతికొచ్చే కరపత్రాల్లో, చిన్న పుస్తకాల్లో చాలావాటికి సంవత్సరం ఉండదు. అక్కడే పని ఆగిపోతుంది, ఆగనక్కర్లేదు. అట్ట లోపలి వైపు, చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "ముద్రణ" అని ఒక వాక్యం ఉంటుంది. అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ముద్రాపకుడి పేరు, ఊరు వెయ్యక తప్పేది కాదు. అందుకే రచయిత పేరు లేని కరపత్రంలో కూడా ప్రెస్సు పేరుంటుంది. ముందుగా దాన్ని ఎక్కించండి. ఒకే ప్రెస్సు నుంచి నాలుగు కరపత్రాలొస్తే ఆ ఊళ్ళో ఒక బృందం ఉందని వెతకడానికి అది గట్టి ఆధారం.

తరవాత వెల చూడండి. వెల అణాల్లోనే ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుదని దాదాపుగా అనుకోవచ్చు. "న.పై." అని ఉంటే 1957–64 మధ్యది. అణాలు కొట్టేసి పక్కన నయాపైసల ముద్ర వేసి ఉంటే పుస్తకం పాతది, అమ్మకం తరవాతది. అచ్చు తేదీకి అణాలనే నమ్మండి. ఆపైన చిరునామా: "మద్రాసు రాష్ట్రం" అయితే 1953 అక్టోబరుకి ముందు, "ఆంధ్ర రాష్ట్రం" అయితే 1953–56, "ఆంధ్రప్రదేశ్" అయితే 1956 నవంబరు తరవాత. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కి ముందు కాదు. చివరిగా విషయం. వెనకట్ట మీద పార్టీ ప్రకటన ఉంటే 1940 డిసెంబరు–1948 డిసెంబరు మధ్యది. 22 సూత్రాల ప్రస్తావన ఉంటే 1946 డిసెంబరు తరవాతిది.

ఈ నాలుగూ కలిపితే ఏం జరుగుతుందో చూడండి. వెల రెండణాలు, ఊరు బెజవాడ, రాష్ట్రం పేరు లేదు, లోపల 22 సూత్రాల మాట ఉంది, వెనక పార్టీలో చేరమన్న పిలుపు ఉంది. సంవత్సరం ఎక్కడా లేకపోయినా అది 1946 డిసెంబరుకీ 1948 డిసెంబరుకీ మధ్యదని తేలిపోయింది. పట్టికలో "1946-12 / 1948-12" అని రెండు హద్దులూ రాయండి. "సుమారు 1947" అని రాస్తే తరవాత ఎవరో "సుమారు" తీసేస్తారు. ఆ కాలపు మద్రాసు ప్రభుత్వ గెజిట్‌తో వెలువడిన మూడు నెలల పుస్తక జాబితాల్లో ఆ పుస్తకం నమోదై ఉంటే అచ్చయిన ప్రతుల సంఖ్య కూడా దొరుకుతుంది. ఎంతమందికి చేరి ఉంటుందో అంచనా వెయ్యడానికి దానికి మించిన ఆధారం లేదు.

కాగితాన్ని ముట్టుకునే తీరు కూడా చెప్పుకోవాలి. 1940ల నాటి న్యూస్‌ప్రింట్ మడత దగ్గర పెళుసుగా ఉంటుంది, విశాఖ ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. పిన్ను లాగకండి. వెనక్కి తిప్పి, పలచని ప్లాస్టిక్ కార్డుతో పిన్ను కాళ్ళు ఒక్కొక్కటే నిదానంగా పైకి లేపండి. కాగితం చిట్లుతుంటే వదిలెయ్యండి, తెరుచుకున్నంత మేరే ఫొటో తియ్యండి. ఎండలో ఆరబెట్టకూడదు. పాలిథిన్ కవర్లో పెట్టకూడదు, చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. కాగితపు కవరే మంచిది. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తియ్యండి. పేజీ నాలుగంచులూ, పక్కన సెంటీమీటర్ల స్కేలూ కనబడాలి. ముందట్ట, లోపలి పేజీ, ముద్రణ వాక్యం, వెనకట్ట, ఈ నాలుగూ లేని ఫొటోల కట్ట సాక్ష్యంగా పనికిరాదు. చాలామంది లోపలి వ్యాసం మాత్రం తీసి అట్ట వదిలేస్తారు. తరవాత అది ఏ పత్రికో చెప్పడానికి దారి ఉండదు.

కుటుంబాల దగ్గర అడిగే తీరు

ఇప్పుడు మాట్లాడగలిగేవాళ్ళు ఆనాటివాళ్ళ పిల్లలు, మనవలు, ఇంటికి వచ్చిపోయిన శిష్యులు. "మీ నాన్నగారు రాయిస్టా మాస్టారూ?" అని అడిగితే అవుననో కాదనో ఒక మాట వస్తుంది, పటానికి ఏమీ రాదు. "మాస్టారూ, చిన్నప్పుడు మీ ఇంటికి ఏయే పత్రికలు పోస్టులో వచ్చేవి? వచ్చినవాళ్ళు రాత్రి ఉండి భోంచేసి వెళ్ళేవారా? వంట ఎవరు చేసేవారు?" అని అడగండి. ఆతిథ్యం అడిగితే పేర్లు వస్తాయి, ముఖ్యంగా ఏ జాబితాలోనూ లేని ఆడవాళ్ళ పేర్లు. శిబిరాలకి వండి వార్చి, ఉత్తరాలు దాచి, తామూ చదివి చర్చించినవాళ్ళని "ఫలానావారి భార్య" అని వదిలెయ్యకుండా వాళ్ళకీ ఒక సంఖ్య ఇవ్వండి.

కొన్ని ఇళ్ళలో మాట తొందరగా రాదు. కారణముంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాయ్ వర్గం ఫాసిజాన్ని ఓడించడమే ముఖ్యమని బ్రిటిష్ యుద్ధప్రయత్నాన్ని సమర్థించింది. 1942 క్విట్ ఇండియా రోజుల్లో దాని మూలంగా ద్రోహులన్న మాట పడ్డారు. ఇండియన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌కి ప్రభుత్వం నెలకి 13,000 రూపాయలిచ్చిన సంగతిని ప్రత్యర్థులు ఏళ్ళ తరబడి ఎత్తిచూపారు. కాబట్టి 1942–45 మధ్య కాంగ్రెసు, కమ్యూనిస్టు పత్రికల్లో "రాయిస్టు" అన్నది చాలాసార్లు తిట్టు. అలా తిట్టిన వార్త ఒక్కటే ఆధారమైతే సంబంధం రకం దగ్గర "ఆరోపణ" అని రాసి గీత గియ్యకుండా ఉంచండి. ఓడరేవులోనో షిప్‌యార్డులోనో యుద్ధకాలంలో పనిచేసిన ప్రతి కార్మిక నాయకుణ్ణీ ఈ ఫెడరేషన్‌కి కట్టెయ్యడం కూడా ఇలాంటి తప్పే.

2014 అక్టోబరు 12 హుద్‌హుద్‌లో నగరంలో ఎన్నో ఇళ్ళలో కాగితాలు తడిసిపోయాయి. "తుపానులో పోయాయి" అంటే అక్కడితో లేవకండి. తుపానుకి ముందు ఎవరైనా జెరాక్స్ తీసుకెళ్ళారా అని అడగండి. ఇంటినుంచి అసలు కాగితం పట్టుకెళ్ళొద్దు. ఫొటో అక్కడే తీసి, ఏయే కాగితాలు తీశారో చేతిరాతతో జాబితా రాసి, ఒక ప్రతి ఇంటివాళ్ళకిచ్చి రండి. ఇంకోటి: ఇంటిపేరు కలిసిందని బంధుత్వం కట్టకండి, కులం గడి పట్టికలో పెట్టకండి.

పక్కింటివాళ్ళని కలపకండి

హేతువాదులు, నాస్తికులు, మానవవాదులు ఒకే వేదిక మీద కనబడతారు కాబట్టి అందరూ ఒకటే అనిపిస్తుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి హేతువాద కవి, గోపీచంద్ తండ్రి. కొడుకు పార్టీని తండ్రికి అంటగట్టకూడదు. 1943 జనవరిలో తండ్రి పోయారు, 22 సూత్రాలకి దాదాపు నాలుగేళ్ళ ముందే. గోరా నాస్తిక కేంద్రానిది వేరే దారి, అది వేరే సంఘం, వేరే సంఖ్య. రావిపూడి వెంకటాద్రి దగ్గర హేతువాదం, రాయ్ మానవవాదం రెండూ నిజంగానే కలిశాయి. ఆయనకి రెండు గీతలు రావడం న్యాయం.

ఈ పద్ధతి ఇతర దేశాల చిన్న సిద్ధాంతాలకి కూడా సరిపోతుంది, ఒక హెచ్చరికతో. 1930ల చివర్లో లండన్‌లో హెరాల్డ్ వాల్స్‌బీ, జార్జ్ వాల్‌ఫోర్డ్ చుట్టూ 'సిస్టమాటిక్ ఐడియాలజీ' అని ఒక సిద్ధాంతం తయారైంది. వాల్స్‌బీ పుస్తకం 1947లో వచ్చింది. తరవాత దశాబ్దాల్లో వాల్‌ఫోర్డ్ నడిపిన పత్రికే దాన్ని బతికించింది. ఆ సిద్ధాంతమే సమాజాన్ని భావజాల వర్గాలుగా విడగొడుతుంది: అన్నిటికన్నా పెద్దది రాజకీయాలు పట్టనివాళ్ళది, అక్కణ్ణుంచి సంప్రదాయవాదులు, ఉదారవాదులు, సోషలిస్టులు, కమ్యూనిస్టులు, చివరికి అతి చిన్నదిగా అరాచకవాదులు. ఈ వర్గాలు సిద్ధాంతం చేసిన వర్గీకరణ, సంఘాలు కావు. వీటిని సంఘాల పట్టికలో ఎక్కిస్తే పటం అర్థం లేనిదవుతుంది. ఎక్కించాల్సింది వాల్స్‌బీ మిత్రులు పెట్టుకున్న సంఘాన్ని, పత్రికని, వాళ్ళు వాదించుకున్న గ్రేట్ బ్రిటన్ సోషలిస్టు పార్టీని.

గీయడం, పంచడం

ఏ-3 కాగితం మీద పాతిక పేర్లకి మించితే గీతలు చిక్కుపడతాయి. కాలం ముక్కకి ఒక కాగితం చొప్పున నాలుగు వెయ్యండి. సంఘాలు చతురస్రాలు, మనుషులు వృత్తాలు, 'క', 'ఖ' సాక్ష్యాలకి నిండు గీత, మిగతావాటికి చుక్కల గీత. గీత మీద సంవత్సరం, సంబంధాల పట్టికలోని వరస సంఖ్య రాయండి. కంప్యూటర్లో గీసేట్టయితే ముందు "గోపాలకృష్ణమూర్తి" అని టైపు చేసి చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి. అలా అయితే అందులో సంఖ్యలు మాత్రమే పెట్టి పేర్లు పక్కన జాబితాగా ఇవ్వండి.

స్కాన్లు బయటపెట్టేముందు కాపీరైటు చూడాలి. మన చట్టంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. రాయ్ జీవితకాలంలో ప్రచురించిన రచనలకి 2014తో, గోపీచంద్‌వాటికి 2022తో గడువు తీరింది. అబ్బూరి రచనలకి 2039 చివరిదాకా ఉంది, వారసుల అనుమతి కావాలి. మరణానంతరం మొదటిసారి అచ్చయినవాటికి లెక్క ప్రచురణ సంవత్సరం నుంచి. అనువాదకుడి హక్కు వేరు, ఆయన మరణం వేరుగా లెక్కించాలి. బతికున్నవాళ్ళ చిరునామాలు, ఫోను నంబర్లు, సొంత ఉత్తరాలు పంచే ప్రతిలోంచి తీసెయ్యండి.

పట్టికల్ని ఎక్సెల్‌తోపాటు మామూలు సీఎస్‌వీ ఫైలుగా, యూటీఎఫ్-8లో దాచండి. అలా దాచకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. ప్రతి ఆరునెలలకీ తేదీ వేసి కొత్త ప్రతి తియ్యండి, పాతదాన్ని చెరపొద్దు. ఒక వరస తీసేస్తే ఎందుకు తీశారో రాసి "తీసేసినవి" పట్టికలో ఉంచండి, లేకపోతే అదే తప్పు ఇంకో దారిలో తిరిగొస్తుంది. అచ్చుప్రతి ఒకటి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి, ఒకటి పౌర గ్రంథాలయానికి, కాగితాలు చూపించిన ప్రతి ఇంటికీ ఒకటి ఇవ్వండి. ఆ ఇంటివాళ్ళు చూసి "ఇది తప్పు బాబూ" అన్నదాన్ని ఎర్ర సిరాతో ఆ ప్రతి మీదే రాయించుకుని, 'ఘ' తరగతి కింద వెంటనే ఎక్కించండి.